కాగితాలున్నంత మాత్రాన కుక్క ఆరోగ్యంగా ఉన్నట్టేనా?

ప్రశ్న: మా ఇంట్లో రెండేళ్ల ఆడ ల్యాబ్రడార్ ఉంది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలతోనే కొన్నాం. ఈసారి హీట్‌కు (ఎదకు) వచ్చినప్పుడు క్రాసింగ్ చేయించాలనుకుంటున్నాం. కర్నూలులో ఒకరి దగ్గర మంచి మగకుక్క ఉంది. దానికీ కాగితాలున్నాయనీ, టీకాలన్నీ వేయించాననీ, ఇంకే పరీక్షలూ అక్కర్లేదనీ ఆయన అంటున్నారు. క్రాసింగ్‌కు ముందు ఆరోగ్య పరీక్షలు తప్పనిసరి అని ఎక్కడో చదివాను. నిజమేనా? ఏయే పరీక్షలు చేయించాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు చదివినది సగం నిజం. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల బ్రీడింగ్, అమ్మకాలపై నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఆడకుక్కకు 18 నెలలు నిండి ఉండాలి, 8 ఏళ్లు దాటి ఉండకూడదు, ఏడాదికి ఒక కాన్పుకూ, మొత్తం జీవితంలో 5 కాన్పులకూ మించకూడదు. క్రాసింగ్‌కు కనీసం 10 రోజుల ముందే పశువైద్యుడు పరీక్షించి, అది ఆరోగ్యంగా ఉందని ధ్రువీకరించాలి. పిల్లలను అమ్మదలచినవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. ఇంట్లో ఉన్నది ఒక్క కుక్కే కదా అని ఈ నిబంధనలను పక్కన పెట్టడానికి వీల్లేదు.

అయితే, ఆ ధ్రువపత్రం ఇచ్చే ముందు తుంటికి ఎక్స్‌రే తీయాలనో, ఫలానా జన్యు పరీక్ష చేయించాలనో ఆ నిబంధనలు చెప్పవు. జ్వరం లేదు, గుండె చప్పుడు సవ్యంగా ఉంది, చర్మం శుభ్రంగా ఉంది అని రాసిస్తే సరిపోతుంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బుల విషయంలో ఇది ఏమాత్రం చాలదని నా గట్టి అభిప్రాయం. కెన్నెల్ క్లబ్ కాగితం కుక్క వంశమేమిటో చెబుతుంది కానీ, ఆ వంశంలో ఎవరి తుంటి ఎలా ఉందో, ఎవరి చూపు ఎప్పుడు పోయిందో చెప్పదు. టీకాలు పార్వో, డిస్టెంపర్, రేబిస్ వంటి అంటువ్యాధులను ఆపుతాయి. వంశపారంపర్య జబ్బులతో వాటికి సంబంధమే లేదు.

ల్యాబ్రడార్‌కు మొదట చూడవలసినవి తుంటి, మోచేయి కీళ్లు. తుంటి కీలు వదులుగా ఏర్పడే లోపాన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. పుట్టినప్పుడు పిల్లలో ఏ తేడా కనిపించదు. పెరిగే కొద్దీ తొడ ఎముక గుండు, దాన్ని పట్టి ఉంచే గిన్నె ఒకదానికొకటి అమరక, అరిగిపోతూ వస్తాయి. నడక చూసి దీన్ని తేల్చలేం, ఎందుకంటే లోపమున్న కుక్కలు ఎన్నో ఏళ్ల తరబడి మామూలుగానే పరుగెడతాయి. సరైన ఎక్స్‌రే ఎలా తీస్తారో మీరూ తెలుసుకొని ఉండటం మంచిది. కుక్కకు మత్తు ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టి, వెనుక కాళ్లు రెండింటినీ సమానంగా చాపి, మోకాలి చిప్పలు సరిగ్గా పైకి చూసేలా లోపలికి తిప్పి పట్టుకుంటారు. కటి ఎముక ఏ పక్కకూ ఒరగకూడదు. ఫిల్ములో తొడ ఎముక గుండు సగానికి పైగా గిన్నెలోపల ఉందా, గుండు గుండ్రంగా ఉందా, అంచుల్లో కొత్త ఎముక పెరిగిందా అన్నది చూస్తారు. మత్తు లేకుండా నలుగురు పట్టుకొని తీసిన ఎక్స్‌రేలో కండరాలు బిగుసుకొని, కీలు వదులుతనం దాగిపోయే అవకాశం ఉంది. బ్రిటన్ పద్ధతిలో ఏడాది నిండాక ఈ ఎక్స్‌రేకు మార్కులు వేస్తారు, అమెరికా పద్ధతిలో 24 నెలలు నిండితే గానీ తుది ఫలితం ఇవ్వరు. ఆడకుక్క హీట్‌లో ఉన్నప్పుడు మాత్రం తీయించకండి, హార్మోన్ల ప్రభావంతో కీలు ఉన్నదానికంటే వదులుగా కనిపించవచ్చు. హీట్ రాకముందే, అంటే ఇప్పుడే, ఆ పని చూసుకోండి. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి ఆసుపత్రులకు ముందుగా ఫోన్ చేసి, ఈ తరహా ఎక్స్‌రే తీస్తారో లేదో అడిగి బయలుదేరండి.

రెండోది జన్యు పరీక్ష. చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనా గానీ, కాస్త రక్తం గానీ చాలు. జీవితంలో ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది. ల్యాబ్రడార్లలో ముఖ్యంగా రెండింటిని అడగండి. ఒకటి, కంటి రెటీనా క్రమంగా క్షీణించే పీఆర్ఏ. దీనిలో ముందు రేచీకటి వస్తుంది, తరువాత పూర్తిగా చూపు పోతుంది, మందు లేదు. లక్షణాలు చాలా కుక్కల్లో నడివయసులో గానీ బయటపడవు కాబట్టి అప్పటికే అది రెండు మూడు కాన్పులు ఈని ఉంటుంది. రెండోది, గట్టిగా ఆడిన కొద్ది నిమిషాల్లోనే వెనుక కాళ్లు పట్టుతప్పి కుప్పకూలే ఈఐసీ అనే జబ్బు. దీనికి కారణమైన జన్యువును 2008లో గుర్తించారు. అనంతపురం ఎండల్లో కుక్క అలా కూలిపోతే ఎవరైనా వడదెబ్బ అనే అనుకుంటారు, అసలు కారణం అడుగున ఉండిపోతుంది.

ఈ రెండు జబ్బులూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు వస్తేనే బయటపడతాయి. ఒకటే ఉన్న కుక్కను క్యారియర్ అంటారు, అది నిక్షేపంలా ఉంటుంది. రెండు క్యారియర్లను కలిపితే పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. క్యారియర్‌ను లోపం లేని కుక్కతో కలిపితే ఆ జబ్బుతో ఒక్క పిల్ల కూడా పుట్టదు. అందుకే క్యారియర్ అని తేలినంత మాత్రాన మీ కుక్కను పక్కన పెట్టనవసరం లేదు, జతను సరిగ్గా ఎంచుకుంటే చాలు.

మూడోది బ్రూసెల్లా కానిస్ రక్తపరీక్ష. ఇది వంశపారంపర్యం కాదు, క్రాసింగ్ ద్వారా అంటుకొనే బ్యాక్టీరియా. ఆడకుక్కలు నెలలు నిండబోతుండగా ఈసుకుపోవడం, మగకుక్కల్లో వృషణాలు వాయడం దీని గుర్తులు. మనుషులకూ సోకుతుంది. కుక్కలకు టీకా లేదు, మందులతో పూర్తిగా పోతుందన్న భరోసా కూడా లేదు. ఊరూరి నుంచి వచ్చే ఆడకుక్కలతో కలిసే మగకుక్క విషయంలో ఈ పరీక్షను వదిలేయడం క్షమించరానిది. కర్నూలు ఆయనను కొత్తగా చేయించిన ఈ పరీక్ష ఫలితం, తుంటి ఎక్స్‌రే, జన్యు పరీక్ష నివేదిక చూపమని అడగండి. లేవంటే ఈ హీట్‌ను వదిలేయండి, మరో ఆరేడు నెలల్లో మళ్లీ వస్తుంది.

జర్మనీలో జర్మన్ షెపర్డ్ సంఘం తుంటి, మోచేయి ఎక్స్‌రేలు తగిన స్థాయిలో లేని కుక్కకు బ్రీడింగ్ అనుమతే ఇవ్వదు. మన దగ్గర కూడా పిల్లల నమోదుకు తల్లిదండ్రుల పరీక్షా ఫలితాలను షరతుగా పెట్టి, వాటిని కెన్నెల్ క్లబ్ కాగితం మీదే అచ్చువేయాలి. అప్పటిదాకా ఆ షరతు పెట్టగలిగింది ఆడకుక్క యజమానులూ, పిల్లను కొనేవారూ మాత్రమే.

ప్రశ్న: జర్మన్ షెపర్డ్ పిల్లను కొన్నాం. ఎనిమిదో నెలలో కుంటడం మొదలైంది, తుంటిలో లోపమని డాక్టరు చెప్పారు. మీ తిండి, మీ ఇంటి నున్నటి బండలే కారణమని అమ్మినవారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఆయన మాటలో కొంత నిజముంది. ఒకే కాన్పులో పుట్టిన ల్యాబ్రడార్లను జతలుగా తీసుకొని, ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టి అమెరికాలో జీవితాంతం గమనించారు. తక్కువ తిన్నవాటిలో తుంటి సమస్యలు తగ్గాయి, ఆయుష్షు కూడా దాదాపు రెండేళ్లు పెరిగింది. బేతంచెర్ల బండలపై కాళ్లు జారుతూ పెరగడం కూడా బరువైన పిల్లకు మంచిది కాదు. కానీ ఇవన్నీ లోపాన్ని పెంచేవే తప్ప, పుట్టుకలో వచ్చిన బీజాన్ని కాదనేవి కావు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపకుండా నెపమంతా మీ మీద వేసే హక్కు ఆయనకు లేదు. అమ్మకం రసీదు, ఆయన ఇచ్చిన హామీల మెసేజ్‌లు, డాక్టరు నివేదిక జాగ్రత్త చేసి, రాతపూర్వకంగా వివరణ అడగండి. సమాధానం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఈలోగా పిల్ల బరువు పెరగనివ్వకండి, నడిచే చోట పట్టాలు పరచండి. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ క్రాసింగ్‌కు ఇవ్వకండి.

ప్రశ్న: మా మగ పగ్ నిద్రలో బాగా గురక పెడుతుంది. పగ్‌లు అంతేనంటారు. దాన్ని క్రాసింగ్‌కు ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పగ్‌లలో ఎక్కువగా కనిపిస్తున్నంత మాత్రాన గురక మామూలు విషయం అయిపోదు. పొట్టి మూతి వల్ల శ్వాసమార్గం ఇరుకైందనడానికి అది గుర్తు కావచ్చు. బ్రిటన్‌లో 2019 నుంచి వాడుతున్న కేంబ్రిడ్జ్ పద్ధతిలో ఏడాది దాటిన కుక్క శ్వాసను స్టెతస్కోప్‌తో విని, మూడు నిమిషాలు వేగంగా నడిపించి, మళ్లీ విని 0 నుంచి 3 వరకు గ్రేడు ఇస్తారు. గ్రేడు 3 వచ్చిన కుక్కను బ్రీడింగ్‌కు వాడరాదు. మీ పశువైద్యుడితో ఇలా పరీక్ష చేయించండి, కర్నూలు ఎండలో కాదు, తెల్లవారుజామున చల్లటి వేళ. నడిపించేటప్పుడు శ్వాసలో చప్పుడు పెరిగినా, నాలుక నీలి రంగుకు తిరిగినా వెంటనే ఆపేయాలి. అలాంటి కుక్కకు కావలసింది క్రాసింగ్ కాదు, ముక్కు రంధ్రాలను, అంగిలి వెనుక ఉండే మెత్తటి భాగాన్ని సరిచేసే ఆపరేషన్ అవసరమా అన్న సలహా.