వాక్యం చెప్పమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది కోనసీమలో చిన్న సంఘం. వచ్చే నెల యూత్ కూడికలో నన్ను 20 నిమిషాలు వాక్యం చెప్పమన్నారు మా పాస్టర్ గారు. నా ఈ సంవత్సరం వాగ్దానం, అంటే ఏడాది మొదట్లో కార్డు మీద నాకొచ్చిన బైబిల్ వచనం, యిర్మీయా 29:11, అదే తీసుకుందామనుకున్నా. యూట్యూబ్‌లో దాని మీద ఓ పది ప్రసంగాలు విని నోట్స్ రాసుకున్నా, ఇప్పుడు చూస్తే అంతా కలగాపులగం అయిపోయింది. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ నోట్స్ మొత్తం పక్కన పెట్టెయ్. పది ఇళ్ళ కూరలు ఒక్క గిన్నెలో పోసుకుని రుచి తెలీట్లేదంటే ఎలా? అవి వినొద్దని కాదు, నీది తయారయ్యాక విను.

ఇప్పుడు బైబిల్ తీసి 29వ అధ్యాయం ఒక్కటే కాదు, దానికి ముందున్న 28 కూడా పైకి చదువు, ఒకసారి కాదు ఓ ఐదారు సార్లు, గొంతెత్తి. వాగ్దాన కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది కదా, అక్కడే మనం చాలామందిమి ఆగిపోతాం. అసలది ఒక ఉత్తరం. యెరూషలేం నుంచి బబులోనుకి చెరగా పట్టుకుపోయిన వాళ్ళకి యిర్మీయా రాసింది. 28లో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, చెరపోయిన వాళ్ళు తిరిగొచ్చేస్తారు అని చెప్పేశాడు, ఎంత బావుంది వినడానికి! యిర్మీయా ఏమన్నాడు? 70 ఏళ్ళు అన్నాడు. 29:10 చూడు. అంటే ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్ళు చాలామంది మళ్ళీ యెరూషలేం చూసి ఉండరు. అలాంటి వాళ్ళతో అన్నమాట, నీ 11వ వచనంలో, నేను మీ గురించి ఉద్దేశించినవి హాని కోసం కాదు అని దేవుడంటున్నది. ఈలోగా ఏం చెయ్యమన్నాడంటే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి అన్నాడు. ఇదంతా తెలిశాక ఇంక నువ్వు ‘ఈ ఏడాది నీకు జాబ్ వస్తుంది బ్రదర్’ అని చెప్పలేవు, చెప్తే హనన్యా పక్కన నిలబడ్డట్టే.

తర్వాత పని, నువ్వు చెప్పబోయేదంతా ఒక్క వాక్యంలో కాగితం మీద రాయి. నేనైతే ఇలా రాస్తా: ‘దేవుడు మర్చిపోలేదు, అలాగని వెంటనే విడిపిస్తాననీ అనలేదు, ఈలోగా ఉన్నచోట బతకమన్నాడు.’ ఈ వాక్యానికి పనికిరానిది ఎంత మంచి ఉదాహరణైనా తీసెయ్. బాధేస్తుంది, నాకు తెలుసు. నా మొదటి ప్రసంగంలో నేను ఆదాము దగ్గర మొదలెట్టి ప్రకటన గ్రంథం దాకా వెళ్ళిపోయా, 50 నిమిషాలు, దిగాక మా అమ్మ ‘ఇంతకీ ఏం చెప్పావురా’ అంది.

20 నిమిషాల్లో ఉత్తరం కథకి 8, దాని అర్థానికి 5, మనకి ఏంటి అన్నదానికి 5, మిగతా రెండూ వదిలెయ్, ఎలాగూ ఖర్చయిపోతాయి. మీ వైపు కువైట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండదు కదా, అక్కడ ఉన్నవాళ్ళ గురించీ ఇక్కడ ఎదురుచూసే వాళ్ళ గురించీ మాట్లాడు, కాకపోతే ఎవరి ఇల్లో తెలిసేలా మాత్రం చెప్పకు. మొదటి నాలుగు మాటలూ చివరి నాలుగు మాటలూ బట్టీ పట్టు, మధ్యలోవి పాయింట్లు చాలు. ముందురోజు ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను, ‘ప్రియులారా’ ఎన్నిసార్లు అన్నావో లెక్కపెట్టుకో, నీకే నవ్వొస్తుంది.

ప్రశ్న: అయ్యగారూ, స్త్రీల కూడికలో నేను వాక్యం చెప్తాను. మా దగ్గర చదువు రాని పెద్దమ్మలు, కొత్తగా వచ్చేవాళ్ళు ఎక్కువ. బైబిల్ భాషలోనే చెప్పాలా, మామూలుగా చెప్పొచ్చా?

జవాబు: చదివేది బైబిల్ భాషలో చదవమ్మా, చెప్పేది మీ వీధి భాషలో చెప్పు. నెహెమ్యా 8లో చేసింది అదే, గ్రంథం స్పష్టంగా చదివి జనానికి అర్థమయ్యేలా చెప్పారు. మనకి అలవాటైన మాటలే కొత్తవాళ్ళకి గోడలా అడ్డొస్తాయి. పైన తమ్ముడి వచనమే చూడు, ‘సమాధానకరమైన’ అని ఉంటుంది. మనకి సమాధానం అంటే శాంతి, నెమ్మది. బయటినుంచి వచ్చిన ఆవిడకి సమాధానం అంటే జవాబు! ‘నిరీక్షణ’ కూడా అంతే, బయట ఎదురుచూడడం, మన బైబిల్లో ఆశ. ‘కృప’, ‘నీతిమంతుడు’, ‘రక్షణ’ ఇవన్నీ ఒకసారి ఆగి విప్పి చెప్పాల్సిన మాటలు. కూడికకి ముందే చదవబోయే భాగంలో ఇలాంటివి పెన్సిల్‌తో గీసుకో, పక్కన నీ మాట రాసుకో. వీలైతే ఇంట్లో ఎవరైనా చిన్నపిల్లకి చెప్పి చూడు, ఆ పిల్ల మొహం ఎక్కడ మారిందో అక్కడే మార్చు. కాగితం చూసి చెప్పడానికి మొహమాటపడకు, అక్షరాలు పెద్దగా రాసుకో చాలు.

ప్రశ్న: మా సంఘంలో ప్రసంగం గంటన్నర తగ్గదు. ఎంతసేపు ఉండాలి అన్నా?

జవాబు: అపొస్తలుల కార్యములు 20లో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు, చనిపోయాడు కూడా. పౌలు దిగివెళ్ళి కౌగిలించుకుంటే బతికాడు. ఆ తర్వాత పౌలు మళ్ళీ తెల్లారేదాకా మాట్లాడాడనుకో, అది వేరే సంగతి, ఆయన మర్నాడు ఊరు విడిచి వెళ్ళిపోతున్నాడు. మీ పాస్టర్ గారు వచ్చే ఆదివారం కూడా ఉంటారు కదా. నువ్వు చెప్పే రోజున మాత్రం ఇచ్చిన టైముకి రెండు నిమిషాల ముందే దిగు, మైక్ అన్నయ్యతో ఎకో కొంచెం తగ్గించమని కూడా ముందే చెప్పుకో.