జవాబు: ఫుట్‌పాత్ ఉన్నా అమ్మ రోడ్డు మీదే నడుస్తోంది

అన్నా, అలిపిరి వైపు మీ 40 అడుగుల వీధిలో ఫుట్‌పాత్ ఉండి కూడా అమ్మగారు బండ్ల మధ్యే నడవాల్సి వస్తోందని, అర్జీలో ఏం రాయాలని అడిగారు. 'బాగుచేయండి' అని మాత్రం రాయొద్దు, ఇంకో వరస టైల్స్ వేసి పోతారు. కొలతలు రాయండి.

రోడ్లకు ప్రమాణాలు పెట్టే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంకుల్లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు. ఫుట్‌పాత్ గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, జానెడు కూడా కాదు. మోకాలెత్తు గట్టు పెద్దవాళ్లు ఎట్లా ఎక్కుతారు?

రెండు పక్కలా ఆరేసి అడుగులు తీస్తే 28 మిగులుతుంది. బస్సూ కారూ ఎదురెదురుగా పోవడానికి 20 చాలు. మిగతా 8 ఒక పక్క బైకులకు అడగండి. చోటు చూపకపోతే అవి ఫుట్‌పాతే ఎక్కుతాయి. బస్టాపు దగ్గర మాత్రం ఆ 8 అడుగుల్నీ ఫుట్‌పాత్‌లో కలిపేయాలి. బస్సు దారిలోనే ఆగుతుంది, వెనక కార్లు అర నిమిషం ఆగితే కొంపలేం మునగవు. సైకిళ్లకు విడిగా దారి ఇందులో పట్టదు, బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లకు తగ్గిస్తే చాలు. దాటేచోట రోడ్డునే గట్టు ఎత్తుకు లేపాలి. మూట నెత్తిన పెట్టుకుని ఉత్తకాళ్లతో పోయే యాత్రికులకూ అదే సుఖం.

ముందు టేపు పట్టి కొలవండి. మా వీధి కాగితం మీద 40, తీరా చూస్తే 36. అట్లయితే పార్కింగే కోయమనండి, నడకదారి కాదు.