రెండోసారి వెళ్ళండి

ఈ నెల ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి, కానీ చదువుతూ పోతే చాలామంది బెంగ ఒక్కటే. పిల్లల్లో జాలి తగ్గిపోతోందా, నలుగురికీ సాయపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఉద్యోగాల ప్రశ్నలు, పెళ్ళిళ్ళ ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. విశాఖలో ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పినవాడిని, అందులో కొన్నేళ్ళు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుగా పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగినవాడిని, కాబట్టి కళ్ళారా చూసిందే చెప్తాను.

ప్రశ్న: మా బాబు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. చదువుతాడు, చెడు అలవాట్లు లేవు. కానీ ఎదుటి మనిషి కష్టం వాడికి కనపడదు మాస్టారూ. మొన్న మా అత్తగారికి రెండు రోజులు జ్వరం వస్తే గుమ్మం దగ్గరే నిలబడి "టాబ్లెట్ వేసుకుందా?" అని అడిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు. మద్దిలపాలెంలో బస్సెక్కిన ముసలావిడ వాడి పక్కనే నిలబడినా ఫోన్లోంచి తల ఎత్తలేదు, నేను చెప్తే అప్పుడు లేచాడు. రాతిగుండె పిల్లాణ్ణి పెంచానేమో అని నిద్ర పట్టట్లేదు. జాలి, దయ ఎలా నేర్పాలి?
— ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: అమ్మా, ముందు ఆ రాతిగుండె అనే మాట తీసెయ్యండి. మీ ఉత్తరంలోనే ఉంది చూడండి, మీరు చెప్పగానే లేచాడు. చెప్పినా కదలని పిల్లల్ని కూడా చూశాను నేను, మీవాడు ఆ కోవలోకి రాడు. వాడికి చూడటం అలవాటు లేదు, అంతే. ఆ అలవాటు తప్పించింది ఎవరు? మనమే. నర్సరీ నుంచి "నువ్వు చదువుకో నాన్నా చాలు, మిగతావి మేం చూసుకుంటాం" అన్నాం. చుట్టాలొస్తే తలుపేసుకుని చదువుకోమన్నాం, తాతగారు హాస్పిటల్లో ఉంటే ట్యూషన్ పోతుందని ఇంట్లోనే ఉంచేశాం, ఎవరైనా పోయినప్పుడు పిల్లలు భయపడతారని తీసుకెళ్ళలేదు. పదిహేడేళ్ళు కష్టమనేది కంటపడకుండా పెంచి, పద్దెనిమిదో ఏట బస్సులో ముసలావిడ వాడికి కనపడలేదేమని బాధపడుతున్నాం. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదమ్మా ఇది చెప్పడం, మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది.

కాబట్టి జాలి గురించి పాఠాలు చెప్పకండి. పని అప్పజెప్పండి. మీ అత్తగారు రోజూ వేసుకునే మాత్రలు ఏవో ఉంటాయి కదా, బీపీకో షుగరుకో. "ఈ నెల మామ్మ మాత్రల సంగతి నీదేరా" అని చెప్పి మీరు పక్కకి తప్పుకోండి. మొదటి వారం మర్చిపోతాడు. మీకు టెన్షన్ వస్తుంది, అయినా మీరు అందుకుని ఇచ్చెయ్యకండి, వాణ్ణే పిలిచి గుర్తుచెయ్యండి. రెండో వారానికి మామ్మ మాత్రని సగం విరిచి ఎందుకు మింగుతోందో, షీటు వెనకాల అక్షరాలు కనపడక రంగుని బట్టి ఎలా గుర్తుపడుతోందో వాడికే తెలుస్తుంది. అవి మీరు చెప్తే ఎక్కేవి కావు.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం, మన ఊళ్ళో ఎవరూ మర్చిపోరు. మా అపార్ట్‌మెంట్లో వారం పైనే కరెంటు లేదు. లిఫ్టు లేదు, మోటారు లేదు, నీళ్ళన్నీ కింద ట్యాంకరు దగ్గర పట్టుకోవాల్సిందే. నాలుగో అంతస్తులో డెబ్బై దాటిన దంపతులు ఉండేవారు, పిల్లలు వేరే దేశంలో. రెండో అంతస్తులో ఇంటర్ చదివే కుర్రాడు ఒకడు, ఎప్పుడూ చెవుల్లో ఇయర్‌ఫోన్లే, మెట్ల మీద ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపోయేవాడు. మొదటిరోజు వాళ్ళమ్మ బలవంతం మీద ఒక బకెట్ మోశాడు పైకి. నాకు బాగా గుర్తు, దిగొచ్చాక అరచెయ్యి చూసుకుంటున్నాడు, బకెట్ పిడి ఒత్తుకుని ఎర్రగా చార పడింది. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే ఇంకో రెండు బకెట్లు మోశాడు. మూడోరోజుకి వాడి అడుగుల చప్పుడు వినపడగానే ఆ మామ్మగారు టీ పెట్టేవారు. ఆరేళ్ళు ఒకే బిల్డింగులో ఉండి ఒకరి పేరొకరికి తెలీదు వాళ్ళకి! కరెంటు వచ్చింది, లిఫ్టు తిరిగింది, అయినా కాలేజీ నుంచి వస్తూ నాలుగో అంతస్తు బెల్లు కొట్టి "ఏమైనా కావాలా మామ్మగారూ" అని అడిగి వచ్చేవాడు. మొదటి బకెట్ వాళ్ళమ్మ పంపితే మోసిందే, మీవాడి దగ్గర కూడా మొదటి బకెట్ వరకే మీ పని.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నాను. మా బ్యాచ్ అంతా ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళి పళ్ళు, బ్రెడ్డు ఇచ్చాం, ఫొటోలు దిగాం. నేను అరటిపళ్ళు ఇస్తున్నప్పుడు ఒక తాతగారు కెమెరా చూసి మొహం అటు తిప్పేసుకున్నారు. ఆరోజు నుంచి నాకు అదే గుర్తొస్తోంది సార్. స్టేటస్ పెట్టాక తీసేశాను. నిజంగా పనికొచ్చేది ఏమైనా చేయాలని ఉంది, కానీ నా దగ్గర డబ్బులు లేవు.
— గాజువాక విద్యార్థి

జవాబు: స్టేటస్ తీసేశావు చూడు, అక్కడే నువ్వు నాకు నచ్చావు బాబూ. ఆ తాతగారికి నీ మీద కోపం కాదు. పుట్టినరోజులకీ పండగలకీ చాలామంది వస్తారు అక్కడికి, ఫొటో దిగి వెళ్ళిపోతారు, ఆయన పేరు అడిగేవాళ్ళు తక్కువ.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట మా పిల్లల్ని ఇలాంటి చోటికే తీసుకెళ్ళాను. బయల్దేరుతుంటే కిటికీ పక్క మంచం మీద ఉన్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "మళ్ళీ వస్తారా?" అని అడిగారు. వస్తామన్నాను. తర్వాత పరీక్షలొచ్చాయి, సెలవులొచ్చాయి, వెళ్ళలేదు. ఏడాది తర్వాత కొత్త బ్యాచ్‌తో వెళ్తే ఆ మంచం మీద వేరే ఆవిడ ఉన్నారు. నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అప్పటి నుంచి పిల్లలకి ఒకటే షరతు పెట్టాను, రెండోసారి వెళ్ళలేని చోటికి మొదటిసారి వెళ్ళొద్దని.

నువ్వు వచ్చే ఆదివారం ఒక్కడివే వెళ్ళు. పళ్ళు వద్దు, ఫోన్ జేబులో పెట్టుకో. ముందు అక్కడి వాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటే ఆ తాతగారి దగ్గర కూర్చుని ఏ ఊరు, ఏం చేసేవారు అని అడుగు. మాట్లాడకపోతే పేపరు చదివి వినిపించు. మళ్ళీ ఆదివారం మళ్ళీ వెళ్ళు. ఎన్‌ఎస్‌ఎస్‌ మొదలైంది 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాది. దాని నినాదమే 'నేను కాదు, నువ్వు' అని. రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి కదా మీరు, ఆ గంటల్ని నలభై చోట్ల చల్లకుండా ఒకటి రెండు చోట్లే పెట్టమని మీ ప్రోగ్రాం ఆఫీసరు గారిని అడుగు, ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఇక డబ్బులు లేవన్నావు. డబ్బుతో పనిలేనివి రెండు చెప్తాను.

ఒకటి, స్క్రైబ్‌గా వెళ్ళడం. చూపులేని విద్యార్థులు పరీక్షలో సమాధానం నోటితో చెప్తారు, పక్కన కూర్చున్నవాళ్ళు రాస్తారు. గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. ఆ అభ్యర్థే స్క్రైబ్‌ని తెచ్చుకుంటే, రాసేవాళ్ళ చదువు అభ్యర్థి చదువుకన్నా తక్కువగా ఉండాలని నియమం, అందుకే పరీక్షల రోజుల్లో సరైనవాళ్ళు దొరక్క వాళ్ళు పడే ఆందోళన అంతా ఇంతా కాదు. మా స్టూడెంట్ ఒకమ్మాయి ఇలా రాసి వచ్చి నాతో అంది: "సార్, ఆయన ఒక సమాధానం తప్పు చెప్పారు, నాకు తెలుసు తప్పని, అయినా ఆయన చెప్పిందే రాశాను, చెయ్యి వణికింది." అది చాలా పెద్ద సంగతి. సాయం చేస్తున్నాం కదా అని ఎదుటివాళ్ళ పరీక్ష మనది చేసుకోకూడదు. పెన్ను మనది, మాట వాళ్ళది. ఆ అమ్మాయి నాలుగు గంటల్లో నేర్చుకున్నది నేను ముప్పై ఏళ్ళలో ఏ క్లాసులోనూ చెప్పలేకపోయాను.

రెండోది రక్తదానం. 18 నిండి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. హీరోల పుట్టినరోజులకి మన కుర్రాళ్ళు క్యూ కట్టి ఇస్తారు, చాలా మంచిపని. అయితే రక్తం నెలల తరబడి నిలవుండేది కాదు, అందులోంచి తీసే ప్లేట్‌లెట్స్ అయితే ఐదు రోజులే. తలసేమియా అనే రక్తపు జబ్బున్న పిల్లలకి రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్ళకి ఏప్రిల్ అనీ మే అనీ ఉండదు. కాలేజీలకి సెలవులిచ్చి క్యాంపులు తగ్గిపోయే ఆ ఎండాకాలంలోనే బ్లడ్ బ్యాంకుకి వెళ్ళి ఇచ్చిరా.

ప్రశ్న: నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఎవరి బాధ చూసినా నాకు ఏడుపొస్తుంది. ఇంత మెత్తగా ఉంటే ఎలా బతుకుతావే అంటారు ఇంట్లో. పోయిన నెల కొమ్మాది దగ్గర హైవే మీద ఒకతను బైకు మీంచి పడిపోయి ఉన్నాడు, ఆపమంటే నాన్న బండి ఆపలేదు, కేసుల్లో ఇరుక్కుంటాం అన్నారు. అతనికేమైందో అని ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. మేం చేసింది తప్పేనా?
— మధురవాడ నుంచి ఒక అమ్మాయి

జవాబు: మీ నాన్నగారి మీద కోపం పెట్టుకోకమ్మా. సాయం చేయబోయి స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళని ఆయన తరం చూసింది, ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఇప్పుడు పరిస్థితి మారింది, అది ఆయనకి నువ్వే నెమ్మదిగా చెప్పాలి. గాయపడినవాళ్ళని కాపాడేవారికి రక్షణగా ఉన్న మార్గదర్శకాలకి 2016లో సుప్రీంకోర్టు ఆమోదం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షన్‌గా చేర్చారు. నీ పేరు, ఫోన్ నంబరు చెప్పి తీరాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉండాలా వద్దా అనేది నీ ఇష్టం. చేర్పించినవాళ్ళనే డబ్బు కట్టమని ఆసుపత్రి పట్టుకోకూడదు.

ఈసారి అలా కనపడితే బండి పక్కకి ఆపించు, ముందు 108కి ఫోన్ చెయ్యి. మన రాష్ట్రంలో 2005 నుంచి నడుస్తున్న అంబులెన్స్ అది. ఎక్కడున్నారో దగ్గర్లో ఉన్న షాపు పేరో ఫ్లైఓవరో గుర్తు చెప్పు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో, చున్నీ అయినా సరే, గట్టిగా అదిమి పట్టుకో. నీళ్ళు తాగించొద్దు, లేపి కూర్చోబెట్టొద్దు, మెడకి వెన్నుకి దెబ్బ తగిలి ఉండొచ్చు కాబట్టి ఆటోలో వేసెయ్యమని చుట్టూ ఉన్నవాళ్ళు తొందరపెట్టినా ఆపు. అంబులెన్స్ వచ్చేదాకా అతని పక్కన కూర్చుని "వస్తున్నారు అన్నయ్యా, నేనిక్కడే ఉన్నాను" అంటూ ఉండు. స్పృహ ఉన్న మనిషికి ఆ మాట ఎంత ధైర్యమో చెప్పలేను.

ఏడుపు గురించి బాధపడకు. ఆ కన్నీళ్ళకి చేతిలో ఒక పని ఉండాలి, అంతే. రెడ్‌క్రాస్ వాళ్ళు ఫస్ట్ ఎయిడ్ నేర్పుతారు, ఇంటర్ పరీక్షలవగానే నేర్చుకో, వీలైతే నాన్నగారిని కూడా తీసుకెళ్ళు. ఒకటి మాత్రం విను, ప్రతి ఒక్కరి బాధా రాత్రికి మంచం మీదకి తెచ్చుకుంటే నువ్వు జబ్బుపడతావు. కంటినిండా నిద్రపో.

ప్రశ్న: మాస్టారూ, నేను స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాను. మా కాలనీ పిల్లలతో ఒక సేవా బృందం పెడదామనుకుంటున్నాను. పేరు, రిజిస్ట్రేషన్, బ్యానర్ ఎలా ఉండాలో సలహా ఇవ్వండి.
— కూర్మన్నపాలెం

జవాబు: అన్నయ్యగారూ, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు నలుగురు పిల్లల్ని పోగెయ్యండి, వాళ్ళకి ఒక్క రాత్రి పని చూపించండి. ఆషాఢంలో సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ వస్తుంది కదా, సింహాచలం కొండ మెట్ల మొదట్లోని తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ నడుస్తారు జనం, చాలామంది చెప్పుల్లేకుండానే. హనుమంతవాక, అప్పూఘర్ దాకా అందరూ హుషారుగానే ఉంటారు, దారి పొడుగునా మజ్జిగలు, పులిహోరలు ఇచ్చేవాళ్ళు కూడా అక్కడే ఎక్కువ. మాధవధార దాటి గోపాలపట్నం వైపు వచ్చేసరికి, అర్ధరాత్రి దాటాక, అరికాళ్ళు పొక్కులెక్కి అడుగు పడదు. మా వీధి పిల్లలూ నేనూ అక్కడ నిలబడతాం.

మొదటి ఏడాది మంచినీళ్ళు మాత్రమే పెట్టాం. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు గ్లాసులు అందిస్తూ అందిస్తూ నా దగ్గరికొచ్చి "తాతగారూ, వాళ్ళు నీళ్ళు తాగాక చుట్టూ చూస్తున్నారు, కూర్చోడానికేమో" అన్నాడు. నిజమే, కింద కూర్చుంటే మళ్ళీ లేవలేమని పెద్దవాళ్ళు నిలబడే తాగుతున్నారు. ఆ పిల్లాడు అప్పటికప్పుడు ఇంటికి పరిగెత్తి రెండు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చాడు. నేను అంతసేపూ అక్కడే ఉన్నాను, నాకు తట్టలేదు. ఇప్పుడు ప్రతి ఏడాదీ ముందు కుర్చీలు తెస్తాం, తర్వాతే నీళ్ళ డ్రమ్ము.

ఈసారి మీ పిల్లల్ని తీసుకుని రండి, రాత్రి పదకొండుకల్లా వస్తే చాలు, కుర్చీలు మాత్రం మీరు కూడా నాలుగు తెచ్చుకోండి.