రీలు ఎక్కించేటప్పుడు జాగ్రత్త

అమ్మలూ,

ఫిల్మ్ రీలు కెమెరా కొంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం ఎంత వేసిందో, టెన్షన్ కూడా అంతే పట్టుకుంది. నీకు తొందరెక్కువ. పైన మెరుపు చూసి ఏదో ఒకటి కొనేస్తావు.

35 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్, అంటే లెన్సులోంచే చూసి తీసే కెమెరా, దానికి 50 ఎంఎం లెన్సు చాలు. నన్నడిగితే పెంటాక్స్ కే1000. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్. దాంట్లో బ్యాటరీ వెలుతురు కొలిచే లైట్ మీటరుకే, అది అయిపోయినా షట్టర్ పడుతుంది. కానన్ ఏఈ-1 కూడా మంచిదే కానీ బ్యాటరీ లేకపోతే క్లిక్కే మనదు.

కొనేముందు వెనక తలుపు తెరిచి, ఒక సెకను స్పీడు పెట్టి నొక్కు. లోపలి షట్టర్ తెర తెరుచుకుని మూసుకోవడం కంటికి కనిపించాలి. లెన్సుని వెలుతురుకి ఎత్తి చూడు. లోపల సాలెగూడు లాంటి పోగులుంటే ఫంగస్ పట్టినట్టే, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తలుపు అంచున నల్ల స్పాంజి జిగటగా వేలికంటితే భయపడకు, మార్పించుకోవచ్చు.

నా భయమంతా రీలు ఎక్కించే దగ్గరే. మీ తాతయ్య చివరిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు రీలంతా ఆయన్నే తీశాను. కిటికీ పక్కన కూర్చుని, కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వారు. అది 12వదో 13వదో. 36 ఫొటోల రీలు, అంకె 36 దాటినా రీలుని ముందుకు జరిపే లివరు ఆగలేదు. ఇంకో రెండు వస్తున్నాయని సంబరపడ్డాను. కడిగించి తెస్తే నెగెటివ్ మొత్తం ఖాళీ, అంచున నంబర్లు తప్ప ఏమీ లేదు. రీలు కొస లోపలి చక్రానికి పట్టుకోనేలేదు. హడావుడిగా తలుపు మూసింది నేనే. ఆయన్ని మళ్లీ తీసే రోజు రాలేదు. ఆ నవ్వు నాకొక్కడికే తెలుసు తల్లీ, నీకు చూపించలేను.

అందుకే చెబుతున్నా విను. కొస చక్రంలో దూర్చాక రెండు వైపులా రంధ్రాలు పళ్లకి పట్టేదాకా లివరు తిప్పు. తలుపు మూసి, రీలు వెనక్కి చుట్టే రివైండ్ నాబ్‌ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి వదులు తీసెయ్. ఆ తర్వాత లివరు లాగిన ప్రతిసారీ నాబ్ వెనక్కి తిరగాలి. తిరగలేదా, అక్కడే ఆగిపో. రీలు పూర్తయ్యాక వెనక్కి చుట్టకుండా మాత్రం తలుపు తెరవకు.

మొదటి రీలు 400 ఐఎస్‌ఓది వెయ్యి, ఐఎస్‌ఓ అంటే రీలు వెలుతురుని పట్టే శక్తి. ముందు మీ అమ్మని కూర్చోబెట్టి తియ్యి, వద్దన్నా వినకు. నెగెటివ్ పారెయ్యకుండా నా దగ్గరికి తీసుకురా, వెలుతురుకి పట్టుకుని చూస్తాను.

మీ పెదనాన్న