సందేహాలు – సమాధానాలు: సర్వాంతర్యామా, సర్వోపగతమా?

సందేహం: జేబులోని ఫోన్లూ ఎక్కడో ఉన్న కంప్యూటర్లూ కలిసి ఒకే లెక్కను పంచుకుని చేసే పద్ధతిని ఒక వ్యాసంలో ‘సర్వాంతర్యామి జాలక సంగణనం’ (యుబిక్విటస్ గ్రిడ్ కంప్యూటింగ్) అన్నారు. అది ‘మొబైల్ స్నేహపూర్వకం’ అనీ రాశారు. ఇవి సరైన మాటలేనా?

సమాధానం: ముందు జాలకం, అంటే గ్రిడ్. 1990లలో కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఇయన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్మన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ గ్రిడ్‌కు పోలిక కరెంటు గ్రిడ్. ప్లగ్గు పెడితే కరెంటు వచ్చినట్టు, అడిగితే గణనశక్తి అందాలని. గ్రిడ్ మన లైన్‌మన్ నోట ఏనాడో తెలుగైంది. జాలకం అంటే అంతర్జాలమే తడుతుంది. గ్రిడ్ అనే ఉంచండి.

అసలు చిక్కు సర్వాంతర్యామితో. ‘అంతటా ఉండేవాడు’ అనే అర్థంలో వాడి వాడి ఆ మాటను అరగదీశాం. అంతర్యామిలో ఉన్నది యమ్ ధాతువు, అంటే అదుపు చేయడం. లోపల ఉండి నడిపించేవాడు అంతర్యామి. బృహదారణ్యకం చెప్పేదీ అదే. ఫోను లెక్కలో ఒక ముక్క చేసిపెడుతుంది గాని మనల్ని లోపలినుంచి ఏలదు కదా!

మరి పోతన ప్రహ్లాదుడు? ‘సందేహము వలదు చక్రి సర్వోపగతుం’డన్నాడు. ఒక్క యతి కోసమే అయితే సర్వవ్యాపికీ సకారమే మొదలు. కానీ వ్యాప్తి అంటే నీళ్లలో నూనెలా పరుచుకుని ఉండిపోవడం. ‘ఉపగత’ అలా కాదు. ‘ఉప’లో చేరువ ఉంది, ‘గత’లో కదలిక ఉంది. ఎంత చక్కని మాట! కంప్యూటరు మన పనుల్లో కలిసిపోయి కంటికి ఆనకుండా ఉండాలని కంప్యూటర్ శాస్త్రవేత్త మార్క్ వైజర్ 1991లో రాసిన ఊహకు ఆ చేరువ సరిపోతుంది. కదలిక ఫోనుకు సరిపోతుంది.

జనం తమ ఫోన్లనూ కంప్యూటర్లనూ శాస్త్ర పరిశోధన లెక్కలకు ఇచ్చే బోయింక్ (BOINC) సాఫ్ట్‌వేర్‌నే చూడండి. మనం మార్చకపోతే, ఆండ్రాయిడ్ ఫోను చార్జింగులో ఉండి, బ్యాటరీ 90 శాతానికి చేరితేనే లెక్క మొదలుపెడుతుంది. వైఫై ఉంటేనే ఫలితం పంపుతుంది. ఈ షరతులు లేకపోతే బ్యాటరీ కరుగుతుంది, డేటా ఖర్చవుతుంది. పొద్దున్నే తీగ పీకామా, లెక్క ఆగుతుంది. గడువులోగా ఫలితం రాకపోతే సర్వర్ అదే ముక్కను మరొకరికి పంపుతుంది. ఇలా వచ్చిపోయే దాన్ని సర్వవ్యాపకం అనడానికి నాకు మనసొప్పదు.

‘మొబైల్ స్నేహపూర్వకం’ మాత్రం తెలుగు కాదు. ఫోనుతో స్నేహమేమిటి? ‘ఫోనుకు అనువైన’ అంటే చాలు. సంగణనం బరువు కూడా అక్కర్లేదు, ‘గణన’ ఉంది. ‘సర్వోపగత గ్రిడ్ గణన’ నా మొగ్గు. అయితే ‘సర్వవ్యాపక’ ఇప్పటికే కొందరి కలాలకు అలవాటైంది, దాన్ని తప్పని కొట్టేయలేను.