బ్యాగు మోసిన కూలి ఎంత?

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ,

నువ్వు పంపిన గోల్ఫ్ యాత్ర వ్యాసం ‘నాన్నతో స్కాట్లాండ్’ అందింది. ముప్పై ఒక్క పేజీలు, రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో చదివాను. రెండోసారి పదిహేడో పేజీ కోసం చదివాను.

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఆట మొదలుపెట్టే చోట క్యాడీ, అంటే ఆటగాడి బ్యాగు మోసే కూలి, వచ్చి బ్యాగు అందుకోబోతే మీ నాన్నగారు పట్టీ వదల్లేదు. ‘నాన్న కాసేపు మొహమాటపడ్డారు’ అని రాసి, వెంటనే ఆ కోర్సులో 112 బంకర్లు ఉన్నాయంటూ ఇసుక గుంటల లెక్కలోకి వెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే నాలుగో పేజీలో ఇంకో వాక్యం ఉంది. కోలార్ బంగారు గనుల దగ్గర చిన్నప్పుడు ఆయన దొరల గోల్ఫ్ బ్యాగులు మోసేవారని. ఈ రెండు వాక్యాల మధ్య పదమూడు పేజీల నిండా గాలి, గడ్డి, సముద్రం, ‘అద్భుతం’ అనే మాట.

నాకు కావలసింది వేరే. ఒక రౌండ్, అంటే ఒక ఆట పూర్తయ్యేదాకా, మోస్తే ఆయనకు ఎంత ఇచ్చేవాళ్ళు? సెయింట్ ఆండ్రూస్‌లో ఆ క్యాడీకి మీరెంత ఇచ్చారు? జేబులోంచి తీసింది నువ్వా, ఆయనా? ఆ పౌండ్లను మీ నాన్నగారు మనసులో రూపాయల్లోకి మార్చుకోకుండా ఉండగలిగారా? ఈ ప్రయాణం మొత్తం నీ జీతంతోనే అని నాకు తెలుస్తూనే ఉంది. విమానం టికెట్టు, గది అద్దె, ఆట ఫీజు, ఒక్క అంకె కూడా రాయలేదు నువ్వు. బంకర్ల అంకె మాత్రం రాశావు.

నలభై ఏళ్ళుగా నేను చెప్పేది ఒకటే, ఇక మార్చుకోను. తల్లిదండ్రులకీ పిల్లలకీ మధ్య కథ రాస్తే డబ్బు రాయాలి. ఎవరు ఇచ్చారు, ఎంత, ఇచ్చేటప్పుడు చెయ్యి ఎలా ఉంది. మన ఇళ్ళలో ప్రేమని ఎవరూ నోటితో చెప్పరు. ఫీజు కట్టిన రసీదు మీద ఉంటుంది, బస్సెక్కేటప్పుడు మడిచి చేతిలో పెట్టిన నోటులో ఉంటుంది. ఆ లెక్క దాచేస్తే మిగిలేది ఫోటో ఆల్బమ్.

1988లో నేను చిక్‌పేటలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా నాయన మదనపల్లె నుంచి టమేటా లారీలో కలాసిపాళ్యం మార్కెట్‌కి వచ్చినప్పుడు హోటల్‌కి తీసుకెళ్ళాను. మసాలా దోసె ఐదు రూపాయలు. ఆ రోజు మార్కెట్లో టమేటా కిలో అర్ధరూపాయికి పోయింది. ఆయన గోడమీది ధరల బోర్డు చూసి, ‘పది కిలోల టమేటా ఒక్క పూటకి యాడ తింటా రా’ అని కాఫీ తాగి లేచాడు. నేను తిన్నాను. ఆయన ఎదురుగా కూర్చొని నేను తినేది చూశాడు. అది కథగా రాసి ఒక వారపత్రికకి పంపితే అచ్చయింది. కానీ ఐదు రూపాయలు, అర్ధరూపాయి, పది కిలోలు, మూడూ ఎగిరిపోయాయి. ‘నాన్నకు ఆకలి లేదట’ అని ఉంది. అడగడానికి వెళ్తే ఆ సంపాదకుడు, ‘రూపాయల గొడవ కథకి అందం కాదండీ’ అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. నా కోపం మాత్రం ఉంది. ఆ కథని ఇప్పటికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

కాబట్టి నీ వ్యాసంలో దాక్కున్న డబ్బు నాకు కనపడుతుంది. కర్నూస్టీ కోర్సులో చివరి గుంట, పద్దెనిమిదో హోల్ దగ్గర బ్యారీ బర్న్ అనే వాగు ఉంది కదా. 1999లో ఓపెన్ అనే పెద్ద పోటీలో వాన్ డి వెల్డ్ అనే ఆటగాడు మూడు షాట్ల ఆధిక్యంతో ఆ హోల్‌కి వచ్చి, బంతి ఆ వాగులో పడి, బంతిని గుంటలో వేయడానికి ఏడు దెబ్బలు కొట్టి, స్కోర్లు సమానమై, ప్లేఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోవడం గురించి ఒకటిన్నర పేజీ రాశావు. అది టీవీలో చూసినవాళ్ళందరికీ తెలుసు. అదే వాగు ముందు మీ నాన్నగారు కొత్త బంతి జేబులో పెట్టుకొని గీతలు పడ్డ పాత బంతి తీశారని ఒక్క లైను. అది బాగుంది. అది నీకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇంకో సంగతి. ‘దొరలు’ అని రాశావు. గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చింది 1956లో. నువ్వు చెప్పిన వయసు ప్రకారం మీ నాన్నగారు బ్యాగులు మోసింది 1960ల చివర్లో. అప్పటికి ఆ బ్యాగులు ఎక్కువగా మన ఆఫీసర్లవే అయ్యుండాలి. అడిగి తెలుసుకో. తెల్లదొర బ్యాగు మోయడం వేరు. సాయంత్రం తనతో తెలుగులోనే మాట్లాడే ఆఫీసరు బ్యాగు మోయడం వేరు. ‘దొరలు’ అనేస్తే ఆ తేడా పోతుంది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నీకు అప్పుడు పదేళ్ళు ఉంటాయేమో. ‘ఆ తర్వాత కష్టాలు పడ్డాం’ అన్నావు. ఏం కష్టాలు? మీ నాన్నగారు కూడా అందరిలా మారికుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు వచ్చి పని చేశారా? నెలకి ఎంత? ఆయన గోల్ఫ్ కర్రలు ఆ ఏడాది ఇంట్లోనే ఉన్నాయా, అమ్మేశారా?

పాతకాలపు గోల్ఫ్ ఆటగాళ్ళు ఓల్డ్ టామ్ మారిస్, ఆయన కొడుకు యంగ్ టామ్ సమాధుల దగ్గర మీరిద్దరూ నిలబడ్డ భాగం చదివాను. 1869 ఓపెన్‌లో కొడుకు గెలిస్తే తండ్రి రెండో స్థానంలో నిలిచాడని, ఆ కొడుకు 1875 క్రిస్మస్ రోజున 24 ఏళ్ళకే పోయాడని రాశావు. నిజమే. కానీ ఆ ఓల్డ్ టామ్ బంతులు తయారుచేసినవాడు, గడ్డి చూసుకున్నవాడు, పెద్దమనుషుల ఆటకి కూలికి పనిచేసినవాడు. 1860లో మొదటి ఓపెన్‌లో డబ్బు బహుమతే లేదు, బెల్టు ఒక్కటే. గెలిచినవాడికి మొదటిసారి డబ్బు ఇచ్చింది 1864లో, ఆరు పౌండ్లు. అందుకున్నది ఓల్డ్ టామే. అంటే మీ నాన్నగారు ఆ రాయి ముందు నిలబడ్డది గొప్ప ఆటగాడి ముందే కాదు, తనలాంటి కూలివాడి ముందు కూడా. ఆ మాట ఆయనకి తట్టిందో లేదో నువ్వు అడగలేదు.

చివర ఓల్డ్ కోర్స్ లోని స్విల్కన్ బ్రిడ్జి మీద ఆయన కళ్ళు చెమర్చాయన్నావు. తీసెయ్. ఈమధ్య నాన్నల మీద ఏ కథ తిప్పినా ఆఖరి పేరాలో కళ్ళు తడవాల్సిందే. అలా రాస్తేనే పోటీల్లో బహుమతులు కూడా వస్తున్నాయి. ఆయన నిజంగానే ఏడ్చి ఉంటే నన్ను క్షమించు, అయినా తీసెయ్. బ్యాగు పట్టీ వదలని ఆ చెయ్యి చాలు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, ఇంగ్లీషులో కూడా రాయాలా అని అడిగావు. అవి తర్వాత. ముందు ఆదివారం మీ నాన్నగారి దగ్గర కూర్చో. ఒక రౌండ్‌కి ఎన్ని పైసలు ఇచ్చేవాళ్ళో, అవి ఎవరి చేతిలో పెట్టేవారో అడుగు. చెప్పకుండా మాట మారిస్తే ఎలా మార్చారో రాసుకో. టీవీ సౌండ్ పెంచితే అదీ రాసుకో.

వచ్చే నెల పదో తేదీ దాటాక ఇంట్లోనే ఉంటాను. తిరగరాసిన ప్రతి పోస్టులో వద్దు, నువ్వే పట్టుకొని రా. వీలైతే ఆయన్నీ తీసుకురా.

ఆశీస్సులతో