శిక్షలు కఠినం చేస్తే నేరాలు తగ్గుతాయా?

శిక్ష ఎంత పెద్దది అన్నదానికంటే, దొరికిపోతాం, శిక్ష పడి తీరుతుంది అన్న భయమే నేరాల్ని ఎక్కువ తగ్గిస్తుంది. నేరాల్ని అధ్యయనం చేసే క్రిమినాలజీలో డిటరెన్స్ థియరీ అంటారు చూడండి, అంటే శిక్ష భయం నేరాల్ని ఆపుతుందనే సిద్ధాంతం, అందులో ముఖ్యమైన మాట ఇదే, ఇటలీకి చెందిన ఆలోచనాపరుడు బెకారియా 1764లోనే రాశాడు. ఎందుకంటే తప్పు చేసేవాడు సెక్షన్లు చదువుకుని దిగడు కదా, దొరుకుతానా లేదా అనేదే చూసుకుంటాడు, దొరకను అనుకున్నవాడికి ఏడేళ్లయినా ఉరైనా ఒకటే.

ఇంకోటి, శిక్ష మరీ ఎక్కువైతే అది అసలు పడటమే తగ్గిపోతుంది, ఇదే చాలామంది ఆలోచించరు. 18వ శతాబ్దం ఇంగ్లండ్‌లో ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరి, చిన్న దొంగతనానికి ప్రాణం తీయడానికి జ్యూరీవాళ్లకి, అంటే కోర్టులో దోషా కాదా తేల్చే మామూలు పౌరులకి, మనసొప్పక, సొత్తు ఎక్కువ విలువదే అయినా 39 షిల్లింగులే అని తేల్చేసేవాళ్లు, కొన్నిసార్లు పూర్తిగా వదిలేసేవాళ్లు కూడా.

అందరూ పొరబడేది ఎక్కడంటే, చట్టం కఠినం చేశాక కేసులు పెరిగితే నేరాలు పెరిగినట్టే, చట్టం ఫెయిలైనట్టే అనుకోవడం. మన దేశంలో నమోదైన రేప్ కేసులు 2012లో 24,923, 2013లో 33,707. కానీ 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2013లో వచ్చిన చట్టం రేప్ నిర్వచనాన్నే విస్తరించింది, ఇలాంటి ఫిర్యాదు తీసుకోని పోలీసుకి కూడా జైలు అంది, అప్పటిదాకా నోరు మూసుకుని భరించినవాళ్లలో కొందరైనా స్టేషన్‌కి వచ్చారు, కాబట్టి ఆ అంకె ఒక్కటే పట్టుకుని నేరాలు అంత పెరిగాయని చెప్పలేం.